వెచ్చటి గోడ

ల్యాబు, మూడో అంతస్తు
మార్చి మొదటివారం

వదినకి,

ఫోను చేద్దామంటే నీ చెవి మిషను ఈల వేస్తుంది. అన్నయ్యకి చెబితే సగం నీకు చెప్పి సగం మింగేస్తాడు. కాబట్టి మనకి ఉత్తరాలే గతి. పీహెచ్‌డీ రోజుల్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని మాస్టారికి కనపడకుండా చీటీలు రాసుకున్నవాళ్ళం, మనకి కొత్తేమీ కాదు.

ఈ ఏడాది చివర్లో రిటైరవుతున్నాను. సంస్థవాళ్ళు సభ పెడతారట. దానికోసం నేను ఇంతవరకూ అచ్చు వేసిన పేపర్లన్నిటి జాబితా ఇమ్మన్నారు. వారం రోజులుగా అదే పని. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. సగం పేపర్లు అంటువ్యాధుల మీద, సగం మెదడు మీద. క్రిముల వాళ్ళు నన్ను మెదడు మనిషి అంటారు, మెదడు వాళ్ళు క్రిముల మనిషి అంటారు. ఇటు పుట్టింటికీ చెందక, అటు అత్తింటికీ చెందక మధ్యలో నిలబడ్డ కోడలి బతుకు. పెళ్ళి చేసుకోకపోయినా ఆ ముచ్చట అలా తీరింది.

జాబితాలో మొట్టమొదటిది మన పాత ల్యాబులో చేసిందే. మెదడువాపు జ్వరం ఎక్కించిన ఎలుకలకి ఆ మందు ఇస్తే బతికాయని, బతకడమే కాదు చిక్కుదారిలో తమ దారి కూడా మరిచిపోలేదని చూపించిన పేపరు. నన్ను నిలబెట్టింది అదే. తరవాత వచ్చినవాటిలో చాలా భాగం దాని పిల్లలూ మనవలూను. ఇప్పుడు దానికి ఇంకో గౌరవం దక్కబోతోంది. పెద్దాసుపత్రిలో ఒక పిల్లల డాక్టరు ఉన్నాడు. మెదడువాపుతో వచ్చే పిల్లలకి ఆ మందు ఇచ్చి చూస్తానని అనుమతి అడిగాడు. సెప్టెంబరులో కమిటీ కూర్చుంటుంది, అందులో నేనూ ఉన్నాను. ఆ మందు కాలేయాన్ని కాస్త బాధపెడుతుంది, నిజమే. కానీ ప్రాణం కన్నా ఎక్కువా? "మీ ఎలుకలు బతికాయి మేడమ్, మా పిల్లల్ని కూడా బతికిద్దాం" అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను వదినా, సంతోషం పట్టలేక.

ఆ పేపరు చివర కృతజ్ఞతల్లో "జంతువుల గదిలో సాయపడినవారికి" అని ఒక ముక్క ఉంది. అది నువ్వే కదా. పేరైనా వేయలేదు మాస్టారు. సభలో నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. ఇది ఆడపడుచు ఆజ్ఞ.

అన్నయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ
చిట్టెలుక


ఇల్లు, వంటగది బల్ల
మార్చి నెలాఖరు

చిట్టెలుకకి,

ఆజ్ఞ అందింది. మీ అన్నయ్యకి నన్ను వెతికిపెట్టి ఇంటికి తెచ్చుకున్నదే నువ్వు, ఆ మాత్రం అధికారం చెలాయించకపోతే ఎలా? ముందు వరసలోనే కూర్చుంటాను. మాటలు వినపడకపోయినా నీ మొహం కనపడుతుంది కదా.

మోకాళ్ళ సంగతి అడిగావు. పంపుల ఇంజనీరుగా ఊరందరి పైపులూ బాగుచేసిన మనిషి, తన కీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి మాటా వినడు. వ్యాయామం చెయ్యమంటే న్యూస్‌పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. నాకు చెవుడు, ఆయనకి మొండితనం, సంసారం సాఫీగా సాగిపోతోంది.

పిల్లలకి ఆ మందు ఇవ్వబోతున్నారని చదివి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. మనం చేసిన పని ఎక్కడిదాకా వెళ్ళింది! మనం అన్నాను, చూశావా. నాది ఏముందిలే అందులో.

స్కూలు నన్ను రిటైరు చేసినా వదిలిపెట్టలేదు. వారానికి రెండు రోజులు సైన్సు గదికి వెళ్తున్నాను. ఇప్పుడు పిల్లలతో చిక్కుడు గింజలు మొలకెత్తిస్తున్నాను. కిటికీ గట్టు మీద వరసగా కాగితపు కప్పులు. కొన్నిటికి ఎరువు కలిపిన నీళ్ళు, కొన్నిటికి ఉత్త నీళ్ళు. మొన్న ఒక పిల్ల మూతి ముడుచుకుని వచ్చింది. "టీచర్, నా కప్పు మూలన పెట్టారు, అక్కడికి ఎండే రాదు. ఇంక నాది ఎలా గెలుస్తుంది?" అంది. న్యాయమే కదా. రోజూ కప్పుల చోట్లు మార్చమని చెప్పాను. నాకిది పాత అలవాటు. మన ల్యాబులో ఎలుకల పెట్టెల్ని కూడా రోజూ పొద్దున్నే అటువి ఇటు, ఇటువి అటు మార్చేదాన్ని. ఏసీ కింద ఉన్నవి ఒకదాని కింద ఒకటి దూరి ముడుచుకుపోయి ఉండేవి. జ్వరంతో ఎలాగూ చంపుతున్నాం, చలితో కూడా చంపాలా అనిపించేది. మాస్టారు చూస్తే చీవాట్లు పెడతారని ఆయన రాకముందే కానిచ్చేసేదాన్ని. నీకు ఎప్పుడైనా చెప్పానో లేదో.

ఆరోగ్యం జాగ్రత్త. ఇంట్లో వండుకుంటున్నావా, క్యాంటీన్ మీదే బతుకుతున్నావా?

నీ
వదిన


ల్యాబు
ఏప్రిల్

వదినా,

కుశలప్రశ్నలు తరవాత. పెట్టెలు మార్చేదాన్నని రాశావే, ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వెప్పుడూ నాకు చెప్పలేదు.

నువ్వు మార్చింది నీ పెట్టెలనేనా, నావి కూడానా? ఆ గదిలో ఏ పెట్టెలు ఎక్కడ ఉండేవో గుర్తుందా? నాకు బల్ల, తక్కెడ, మాస్టారి దగ్గు గుర్తున్నాయి కానీ గది సరిగ్గా గుర్తు రావడం లేదు. ఆ భవనం పడగొట్టి చాలా ఏళ్ళయింది, వెళ్ళి చూడటానికి కూడా లేదు. గుర్తున్నంతవరకే రాయి, ఊహించి రాయకు.

చిట్టెలుక


ఇల్లు
ఏప్రిల్

చిట్టెలుకా,

నీ ఉత్తరం పోలీసు స్టేషన్ నుంచి వచ్చినట్టుంది. అడిగావు కాబట్టి సాక్ష్యం చెబుతున్నాను.

నావి మాత్రమే మార్చేదాన్ని. నీ పెట్టెల మీద చెయ్యి వేస్తే మాస్టారు బతకనిస్తారా? వాటి మీద "ముట్టుకోవద్దు" అని ఆయన చేతిరాతతో చీటీ అంటించి ఉండేది. నీ ప్రయోగం అంటే ఆయనకి ప్రాణం.

గది నాకు కళ్ళకి కట్టినట్టుంది. తలుపు తీయగానే కుడివైపు మందుల బల్ల, దాని పక్కన గోడకి ఆనించి ఒక అర. ఎదురుగా ఏసీ, దాని కింద ఇంకో అర. మందు ఇచ్చే పెట్టెలన్నీ మందుల బల్ల పక్క అరలో, ఉత్త నీళ్ళు ఇచ్చేవన్నీ ఏసీ కింద. ఒకదానికి ఇవ్వాల్సింది ఇంకోదానికి ఇచ్చే పొరపాటు జరగకూడదని మాస్టారు పెట్టిన నియమం అది. ఇద్దరికీ అదే నియమం. తప్పేదాన్ని నేనొక్కదాన్నే.

బల్ల వైపు గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేదని గుర్తు. నిజమో కాదో అని మీ అన్నయ్యని అడిగాను. పేపర్లోంచి తల ఎత్తకుండానే, "ఉండకేం? క్యాంటీన్ బాయిలరు నుంచి హాస్టలుకి వేడినీళ్ళ పైపు ఆ గోడలోంచే వెళ్ళేది" అన్నాడు. చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్ళే వంకతో సాయంత్రాలు వచ్చి, వరండాలో ఆ గోడకి వీపు ఆనించి నిలబడేవాడు గుర్తుందా? నా కోసం పడిగాపులు పడుతున్నాడని ఇన్నేళ్ళూ మురిసిపోయాను. ఇప్పుడు అడిగితే, "నీ కోసమూ, వెచ్చదనం కోసమూను" అంటున్నాడు.

నవ్వించాలని రాశాను కానీ నాకు నవ్వు రావడం లేదు. ఎందుకు అడిగావు? ఏం జరిగింది?

వదిన


ఇంటి నుంచి
మే

వదినా,

ల్యాబులో కూర్చుని ఈ ఉత్తరం రాయలేకపోయాను. అక్కడ గోడల మీద నా పాత పేపర్ల మొదటి పేజీలు అద్దాలు కట్టించి పెట్టారు.

విషయం సూటిగా రాస్తాను. మందు ఇచ్చిన నా ఎలుకలు మొదటి నుంచి చివరిదాకా వెచ్చటి గోడ పక్కన ఉన్నాయి. ఇవ్వని ఎలుకలు ఏసీ కింద చలికి వణుకుతూ ఉన్నాయి. జ్వరం మెదడుకెక్కిన ప్రాణికి వెచ్చదనం ఉండటానికీ లేకపోవడానికీ ఎంతో తేడా ఉండొచ్చు. నేను చూసింది మందు గుణం కాకపోవచ్చు. గోడ గుణం కావచ్చు. నువ్వు రోజూ మార్చావు కాబట్టి నీ ఎలుకలన్నిటికీ వెచ్చదనమూ చలీ సమానంగా అందాయి. అందుకే అదే మందుతో నువ్వు విడిగా చేసిన ప్రయోగంలో ఏ తేడా కనపడలేదు. నీది విఫలమైందని అందరం అనుకున్నాం. నీ చేతుల్లోనే నిజం బయటపడిందేమో.

తరవాత చాలా ల్యాబుల వాళ్ళు నా పేపరు చదివి, నేను రాసిన పద్ధతిలోనే మందు పెట్టెలు ఒకవైపు, మామూలువి ఇంకోవైపు పెట్టారు. మందు వైపు వెచ్చగా ఉందో ఏమో, కొందరికి ఫలితం వచ్చింది, అచ్చు వేశారు. రానివాళ్ళు తమ పనితనంలోనే లోపం అనుకుని ఊరుకున్నారు. పొరపాటు జరగకూడదని చేసిన ఏర్పాటే ఇంత పెద్ద పొరపాటైంది. మాస్టారు ఇప్పుడు లేరు, ఎవరిని అడగను?

నీ దగ్గర దాపరికం ఎందుకు? నా మనసు పక్కదార్లు వెతుకుతోంది. ఎలుకలు వేరు, పిల్లలు వేరు, పిల్లలకి పనిచెయ్యొచ్చేమో అంటోంది. ఇంకొన్ని నెలల్లో రిటైరైపోతావు, ఆ డాక్టరే చేసి తెలుసుకుంటాడులే అంటోంది. ఆ మందుతో ముడిపడిన పేపర్లు పక్కన పెడితే నా జాబితాలో సగం చిరిగిపోతుంది. మనిషి జన్మంతా చేసిన పని వదినా. అద్దంలో చూసుకుంటే నా వయసు ఒక్కసారిగా మీద పడినట్టుంది.

నాకు ఏమీ తోచడం లేదు. నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

నీ
చిట్టెలుక


ఇల్లు
మే

నేను ఏం చెయ్యమంటే అది చేస్తావా? బాగుంది. బరువంతా తీసుకొచ్చి నా నెత్తిన పెట్టావు.

సరే, నువ్వు దాపరికం వద్దన్నావు కాబట్టి నాదీ ఒకటి విను. నేను పెళ్ళి కోసం చదువు మానేశానని మీ ఇంట్లో అందరూ అనుకున్నారు. "సంబంధం కుదిరింది కదా, ఇంక ఎలుకలెందుకు" అని మీ అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, అలాగే అనుకోనిచ్చాను. జరిగింది అది కాదు. మూడోసారి కూడా నా ప్రయోగం రాకపోయేసరికి మాస్టారు తన గదికి పిలిచాడు. నా రెండు చేతులూ బల్ల మీద పెట్టమన్నాడు. ఎందుకో అర్థం కాక పెట్టాను. కాసేపు చూసి, "ఇవి ఇంటిపనికి పనికొస్తాయేమో. పరిశోధనకి మాత్రం పనికిరావు. అవతల అదే మందుతో ఆ అమ్మాయికి ఎలా వస్తోంది?" అన్నాడు. ఆ అమ్మాయి అంటే నువ్వు.

నీతో చెప్పలేదు. చెబితే నీ సంతోషం పాడవుతుందని కొంత, సిగ్గు కొంత. పెట్టెలు మార్చే సంగతి ఆయనతో చెప్పాలని కూడా తోచలేదు. నియమం తప్పినందుకు ఇంకో మాట పడాలి కదా అనుకున్నాను. దానికీ ఫలితానికీ సంబంధం ఉంటుందని నా బుర్రకి తట్టలేదు.

ఆ తరవాత ఇంట్లో కప్పు జారి పడినా ఆ మాటే గుర్తొచ్చేది. స్కూల్లో గాజు గొట్టం పట్టుకుంటే చెయ్యి వణికేది. పిల్లలు చూడకుండా రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకునేదాన్ని. రిటైరయ్యేదాకా అలాగే పట్టుకున్నాను. మీ అన్నయ్యకి కూడా తెలియదు. నీ ఉత్తరం చదివి వంటగదిలో ఏడుస్తుంటే ఇవాళే మొదటిసారి అడిగాడు, చెప్పాను. ఆ మనిషి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

నాకు కోపం వచ్చింది, నిజమే. నీ మీద ఎంతో, మాస్టారి మీద ఎంతో నాకే తేలడం లేదు. అందుకే నన్ను న్యాయం చెప్పమని అడగకు. నేను నీ పేపరు చింపేయమంటే నా పగ తీర్చుకున్నట్టుంటుంది. వద్దంటే ఆ పిల్లల పాపం మూటగట్టుకున్నట్టుంటుంది. రెండూ నాకొద్దు. నీ దగ్గర ఎలుకలున్నాయి, పెట్టెలున్నాయి. వెళ్ళి వాటినే అడుగు.

వదిన


ఇల్లు
జూలై

రెండు నెలలైంది. ఒక్క ముక్కైనా రాయలేదు. నీ మీద కోపం ఉందని రాశాను కానీ నువ్వు అక్కర్లేదని రాయలేదు. తిన్నావో లేదో ఒక్క వాక్యం రాయి చాలు.

వదిన


ల్యాబు
ఆగస్టు చివర

వదినా,

తింటున్నాను. నీకు రాయకపోవడానికి కారణం కోపమూ కాదు, అలకా కాదు. నువ్వు చెప్పినట్టే వాటినే అడిగాను, అవి జవాబు చెప్పేదాకా నీకు మొహం చూపించలేకపోయాను.

రెండు గదులు తీసుకున్నాను. మొదటి గదిలో అచ్చం మాస్టారి నియమం. గోడ వైపు వెచ్చటి దీపాలు పెట్టి మందు పెట్టెలు అక్కడ, మిగతావి ఏసీ కింద. రెండో గదిలో నీ పద్ధతి, రోజూ పొద్దున్నే అటువి ఇటు, ఇటువి అటు. ఏ పెట్టెకి మందు పోస్తున్నామో లెక్కించేవాళ్ళకి తెలియకుండా ఏర్పాటు చేశాను. మార్చే పని ఇంకెవరికీ ఇవ్వలేదు, నేనే చేశాను. ఈ వయసులో నడుము పట్టేసింది. నువ్వు ఇంత పని ఎవరికీ తెలియకుండా ఎలా చేశావో అనుకున్నాను.

మొదటి గదిలో మందు అద్భుతంగా పనిచేసింది. నా పాత పేపరు మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు, అంత బాగా. రెండో గదిలో ఏమీ లేదు వదినా. మందు ఇచ్చినవీ, ఇవ్వనివీ ఒకేలా చచ్చిపోయాయి, ఒకేలా బతికాయి. అప్పటికీ ఆశ చావక మూడోసారి తిరగేసి పెట్టాను. మందు పెట్టెలు చలిలో, ఉత్త నీళ్ళవి వెచ్చగా. ఉత్త నీళ్ళవే ఎక్కువ బతికాయి. అప్పుడిక పెట్టె మూత వేసి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

పిల్లల డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. చేతిలో ఫైలు మూసి పక్కన పెట్టాడు. తరవాత, "నేను వార్డులో అమ్మలందరికీ మందు వస్తోందని చెప్పేశాను మేడమ్. ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పమంటారు?" అన్నాడు. తిడితే బాగుండేది. "మీతోపాటు నేనూ వస్తాను, నేనే చెబుతాను" అన్నాను.

ఇన్నేళ్ళుగా మెదడువాపు మీద పనిచేసి, ఆ జబ్బు వచ్చిన పిల్లలున్న వార్డులో నేను కాలు పెట్టడం అదే మొదటిసారి. నాకు తెలిసిందల్లా ఎలుకలే. ఒక తల్లి బిడ్డ పాదాలు రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. నేను చెప్పిందంతా విని, "అయితే మా పాపకి ఏమీ లేదా అమ్మా?" అంది. లేదని చెప్పాల్సి వచ్చింది. లేనిది ఈ మందు ఒక్కటేనని, డాక్టరు ఇప్పటిదాకా చేస్తున్న వైద్యం మానడని చెప్పాను. ఆవిడ తల ఊపి మళ్ళీ పాదాలు పట్టుకుంది. నేను పైకి చూశాను. ఆ మంచం సరిగ్గా ఏసీ కింద ఉంది. ఎలుకల సంగతి పిల్లలకి వర్తిస్తుందో లేదో నాకు తెలియదు, తెలుసని ఇంకెప్పుడూ అనను. అయినా ఊరుకోలేకపోయాను. "ఈ మంచం కాస్త పక్కకి జరుపుదామా?" అని నర్సుని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది, కానీ జరిపింది. నేనూ ఒక పక్క పట్టాను.

కమిటీ సెప్టెంబరు దాకా ఆగకుండా ముందే కూర్చుని ఆ ప్రయత్నం ఆపేసింది. పేపరు వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కి రాశాను. మా సంస్థ డైరెక్టరు పిలిచి, "రిటైరైపోయాక నిదానంగా చేయొచ్చుగా, సభ ముందర ఇదేమిటి?" అన్నాడు. నాకు కూడా మే నెలలో అదే బుద్ధి పుట్టింది కాబట్టి ఆయన్ని తప్పుపట్టను.

ఇప్పుడు అసలు మాట. ఈ కొత్త ప్రయోగమూ, నీ పాత ప్రయోగమూ కలిపి ఒక పేపరు రాస్తున్నాను. మొదటి పేరు నీది, రెండోది నాది. ఇది సాయం చేసినందుకు కృతజ్ఞత కాదు, నిజం ముందు చూసిన మనిషి పేరు ముందు ఉండాలి. ఒప్పుకుంటావా? ఒప్పుకుంటే పేరు ఎలా రాయాలి? పెళ్ళికి ముందున్న ఇంటిపేరా, మా ఇంటిపేరా?

మాస్టారు నీ చేతుల గురించి అన్న మాట నాకు తెలియదు. తెలిసుంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు. ఆయన్ని నమ్మడం నాకు అప్పట్లో లాభంగా ఉండేది. అది మాత్రం తెలుసు.

నీ
చిట్టెలుక


ఇల్లు, వంటగది బల్ల
సెప్టెంబరు

చిట్టెలుకకి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి పైకి చదివి వినిపించాను. చెవిటిదాన్ని నేను చదవడం, చెవులున్నవాడు తల వంచుకుని వినడం. ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం ఆయన చేతికిచ్చేశాను, మిగతాది తనే చదువుకున్నాడు. ఆ పాప ఎలా ఉందో కనుక్కుని రాయి, తరవాత మిగతావన్నీ.

పేపరులో పేరు అన్నావు. నాకు భయంగా ఉంది. నేను నిజం చూడలేదు, ఎలుకల మీద జాలిపడ్డాను అంతే. వాటికి చలేస్తోందని మార్చాను. సైన్సు తెలిసి చేసిన పని కాదు. అలాంటిది నా పేరు ముందు పెట్టుకుంటే అబద్ధం అవదా? జాలిపడి మార్చాను అని ఉన్నదున్నట్టు అచ్చు వేస్తారా? వేస్తేనే నా పేరు పెట్టు. లేకపోతే నేను ఒప్పుకోను. ఆ ల్యాబులో చేసింది ఒకటి, పేపర్లో రాసింది ఒకటి కావడం మనిద్దరికీ ఒకసారికి చాలు.

ఇంటిపేరు అడిగావు. మీ ఇంటిపేరు మీద నాకేం కోపం లేదు, ఇన్నేళ్ళు హాయిగా మోశాను. కానీ ఆ పెట్టెలు మార్చింది మీ ఇంటి కోడలు కాదు, మా నాన్న కూతురు. ఆ పిల్ల పేరే రాయి.

నీ మీద కోపం పోయిందా అని నువ్వు అడగలేదు. అడిగినట్టే అనుకుని చెబుతున్నాను. చాలావరకు పోయింది. మిగిలిన కాస్తా వచ్చినప్పుడు నాలుగు చీవాట్లు పెట్టి తీర్చుకుంటాను. నడుముకి ఏదైనా రాసుకుంటున్నావా?

నీ
వదిన


ల్యాబు, ఖాళీ అవుతున్న గది
డిసెంబరు

వదినా,

ఆ పాప ఇంటికి వెళ్ళింది. నడక కాస్త తడబడుతోందట, మాట బాగానే ఉందట. మందు లేకుండానే. మందు ఇచ్చి ఉంటే అదే నా మందు గొప్పతనం అని చెప్పుకునేవాళ్ళం కదా అని డాక్టరు అన్నాడు. ఇప్పుడు నాతో మామూలుగా మాట్లాడుతున్నాడు.

సభ జరగలేదు. నిన్న ల్యాబు వాళ్ళు నలుగురూ టీ ఇచ్చారు. గోడ మీద అద్దాల్లో ఉన్న పేజీల్లో కొన్ని నేనే దింపాను. దింపిన చోట గోడ రంగు వేరుగా ఉంది. నా జాబితా ఇప్పుడు పొట్టిదైపోయింది. మిగిలినవి నిలబడతాయి, ఒక్కొక్కటీ మళ్ళీ చూసుకున్నాను. కొన్నాళ్ళు బాధ తినేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇప్పుడు కూడా పొద్దున్న లేవగానే ఒక్క క్షణం ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది, తరవాత గుర్తొస్తుంది.

మన పేపరు తీసుకున్నారు. పరిశీలించినవాళ్ళలో ఒకాయన "జాలి అన్న మాట సైన్సు భాష కాదు, తీసేయండి" అని రాశాడు. తీయనని జవాబిచ్చాను. ఆ మాట తీస్తే మొదటి రచయిత తన పేరు వెనక్కి తీసుకుంటుందని, ఆవిడ మాట తప్పే మనిషి కాదని రాశాను. వాళ్ళలో వాళ్ళు ఏం తర్జనభర్జన పడ్డారో కానీ ఉంచారు. అచ్చు కాపీ దీనితో పంపుతున్నాను. నా జాబితాలో చివరిది ఇదే. నీ జాబితాలో మొదటిది.

సామాను సర్దుకుని వచ్చేవారం మీ దగ్గరికే వస్తున్నాను. చీవాట్లు సిద్ధం చేసుకో.

నీ
చిట్టెలుక


ఇల్లు
డిసెంబరు

చిట్టెలుకా,

కవరు వచ్చింది. మీ అన్నయ్య ముందు తన కళ్ళద్దాలు వెతుక్కున్నాడు, తరవాత నావి వెతికిపెట్టాడు. "పెట్టెలు ఎలా మార్చామంటే" అని మొదలయ్యే చోట వేలు పెట్టి చూపించాడు. "చలిలో ఉన్న ఎలుకల్ని చూసి జాలిపడి, మొదటి రచయిత పెట్టెల స్థానాలను రోజూ మార్చింది." నాలుగైదుసార్లు చదువుకున్నాను. మీ అన్నయ్యకి అది చాలలేదు. నా పేరు ఉన్న చోట మడత పడకుండా ఆ కాగితాన్ని పెద్ద పుస్తకం కింద పెట్టి నొక్కాడు, మళ్ళీ తీశాడు.

నువ్వు పోగొట్టుకున్నదాని గురించి ఏం రాయాలో నాకు తెలియదు. వచ్చాక పక్కన కూర్చుంటాను. నీ గది తుడిపించాను. మంచం గోడ పక్కకి జరిపించాను, కిటికీలోంచి చల్లగాలి కొట్టకుండా.

ఇవాళ ఆ కాగితం స్కూలుకి తీసుకెళ్ళాను. పిల్లలకి చూపించాలని కాదు, సైన్సు గదిలో కూర్చుని ఒక్కసారి నాకు నేను చదువుకోవాలనిపించింది. కానీ వాళ్ళు చుట్టూ మూగారు. కప్పు మూలన ఉందని పోట్లాడిన ఆ పిల్ల, "టీచర్, ఇది మీ పేరా?" అంది. అవునన్నాను. కాగితం పట్టుకున్న చెయ్యి వణికింది. అందరూ చూస్తున్నారు. రెండో చేత్తో మణికట్టు పట్టుకోలేదు. వణకనిచ్చాను.

నీ
వదిన